తెలుగు చదివే కంటికి ఎలాంటి ల్యాప్‌టాప్ తెర కావాలి?

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, ల్యాప్‌టాప్ కొందామని షాపులో అడుగుపెడితే మాట్లాడేవి మూడే: ఏ ప్రాసెసర్, ఎంత ర్యామ్, ఎంత ఎస్‌ఎస్‌డీ. తెర సంగతి అడిగితే "ఫుల్ హెచ్‌డీయే సార్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కొనేవాళ్లు కూడా సరేననుకుంటారు. హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకి ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, డీటీపీ సెంటర్ నడిపేవాళ్లు, సచివాలయాల్లో దరఖాస్తులు ఎక్కించేవాళ్లు, కాలేజీల్లో పాఠాలు తయారుచేసుకునే లెక్చరర్లు, వీళ్లందరూ రోజుకి ఎనిమిది గంటలు కళ్లప్పగించి చూసేది మాత్రం ఆ తెరనే. ర్యామ్ చాలా మోడళ్లలో తర్వాత పెంచుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు. తెర మాత్రం కొన్నరోజు ఏది వచ్చిందో దాదాపు చివరిదాకా అదే.

నేను గట్టిగా నమ్మే విషయం ఒకటి ముందే చెప్పేస్తాను. తెలుగులో పనిచేసేవాళ్లకి ఎక్కువ రిజల్యూషన్ తెర, అంటే ఎక్కువ చుక్కలున్న తెర అవసరం, ఇంగ్లిష్‌లో మాత్రమే పనిచేసేవాళ్ల కన్నా ఎక్కువ అవసరం. అలాగని 4కె (3840×2160 చుక్కల తెర) కొనేయమని చెప్పట్లేదు. ఎంత కావాలో, ఎక్కడ ఆగాలో తెలియాలంటే మన అక్షరం దగ్గర మొదలుపెట్టాలి.

మన అక్షరానికి చోటు చాలదు

తెర అంటే పిక్సెళ్ల వరసలు, అంటే చుక్కలు. చుక్కల ముగ్గులాగే: అదే వాకిట్లో చుక్కలు దగ్గరదగ్గరగా పెడితే మెలిక నున్నగా తిరుగుతుంది, దూరందూరంగా పెడితే విరిగిపోతుంది. ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో నిలువు గీతలు ఎక్కువ. నిలువు గీత చుక్కల వరస మీద సరిగ్గా కూర్చుంటుంది కాబట్టి తక్కువ చుక్కలున్నా గుర్తుపట్టొచ్చు. తెలుగులో నిటారు గీతలు అరుదు, దాదాపు అన్నీ వంపులే. పైగా మన అక్షరం పక్కకే పెరగదు, పైకీ కిందకీ కూడా పెరుగుతుంది. "స్త్రీ" అని రాస్తే స మీద గుడి దీర్ఘం, కింద త ఒత్తు, దానికి తోడు ర ఒత్తు. "రాష్ట్రం" అన్నా అదే ఇరుకు.

లెక్క వేసి చూద్దాం. విండోస్‌లో 100 శాతం స్కేలింగ్‌లో, అంటే ఏదీ పెంచి చూపించనప్పుడు, అంగుళానికి 96 చుక్కలని అనుకుని అక్షరాల సైజు లెక్కిస్తారు. ఆ లెక్కన 11 పాయింట్ల అక్షరానికి మొత్తం ఎత్తు సుమారు 15 చుక్కలు. అందులో సగం అటూఇటూగా అసలు అక్షరానికి పోతే, పైన గుడికి, కింద ఒత్తుకి మిగిలేవి నాలుగైదు చుక్కల చొప్పున. నాలుగైదు చుక్కల్లో ట ఒత్తు వంపు, దాని పక్కన ర ఒత్తు వంపు పట్టాలంటే అవి బూడిదరంగు మరకలే అవుతాయి. చదివేవాళ్లు అక్షరాన్ని చూసి చదవరు, మాట తెలుసు కాబట్టి ఊహించి చదువుతారు. తెలిసిన మాటైతే ఫర్వాలేదు. ఇంటిపేర్లు, ఊరిపేర్లు, సర్వే రికార్డుల్లో పేర్లు ఊహించి చదవడానికి కుదరదు. థకి, ధకి తేడా కడుపులో ఒక్క చుక్క. దకి, ధకి తేడా అడుగున చిన్న గీత. బ, భ కూడా అంతే. "అర్థం", "అర్ధం" రెండూ సరైన మాటలే కాబట్టి స్పెల్‌చెక్ కూడా కాపాడదు.

ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది, దీన్ని ఎక్కడా పెద్దగా చెప్పరు. తక్కువ రిజల్యూషన్ తెరల మీద అక్షరాలు బాగా కనిపించడానికి విండోస్‌లో క్లియర్‌టైప్ అనే ఏర్పాటు ఉంది. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ముక్కలు పక్కపక్కన ఉంటాయి. క్లియర్‌టైప్ ఆ మూడు ముక్కల్నీ విడివిడిగా వాడుకుని అడ్డంగా మూడు రెట్ల వివరం తెప్పిస్తుంది. నిలువుగా ఆ వీలు లేదు. ఇంగ్లిష్‌కి కావలసింది అడ్డం వివరమే కాబట్టి దానికి బాగా పనికొచ్చింది. మన ఒత్తులు, గుడులు నిలువుగా పేరుకుంటాయి. కాబట్టి ఆ కిటుకు మనకి సగమే పనిచేస్తుంది. మనకి అసలు మందు నిజంగా ఎక్కువ చుక్కలున్న తెర.

రిజల్యూషన్ అంకె ఒక్కటే చూస్తే చాలదు

1366×768, 1920×1080, 2560×1600, 2880×1800, 3840×2160. ప్రకటనల్లో కనిపించే అంకెలివి. ఇవి మొత్తం చుక్కల సంఖ్య మాత్రమే. ఆ చుక్కలు ఎంత చోటులో పరిచారన్నది అసలు ప్రశ్న. అంగుళానికి ఎన్ని పిక్సెళ్లున్నాయో చెప్పే కొలతని పీపీఐ అంటారు. 15.6 అంగుళాల తెర మీద 1366×768 ఉంటే పీపీఐ 100. అదే సైజులో ఫుల్ హెచ్‌డీ, అంటే 1920×1080 ఉంటే 141. అదే ఫుల్ హెచ్‌డీ 14 అంగుళాల్లోకి వస్తే 157. 14 అంగుళాల్లో 1920×1200 అయితే 162, 2560×1600 అయితే 216, 2880×1800 అయితే 243. 16 అంగుళాల్లో 2560×1600 పెడితే 189. 15.6 అంగుళాల్లో 4కె పెడితే 282.

కాబట్టి "ఫుల్ హెచ్‌డీ" అనే ఒకే మాట రెండు తెరల గురించి చెప్పినా, రెండూ ఒకటి కావు. పెద్ద తెర అయితే కళ్లకి మంచిదని మనవాళ్లు 15.6 అంగుళాలే అడుగుతారు. ఫుల్ హెచ్‌డీలోనే ఉండాలనుకుంటే, 14 అంగుళాల దాని మీదే అక్షరం గీత సన్నగా, శుభ్రంగా వస్తుంది.

ఎంత దాకా పెంచితే లాభం? మామూలు చూపున్న కన్ను విడదీసి చూడగలిగే అతిచిన్న కోణం ఒక డిగ్రీలో అరవయ్యో వంతు అని కంటి డాక్టర్ల లెక్క. కంటికీ తెరకీ మధ్య 50 సెంటీమీటర్లుంటే ఆ కోణం 0.145 మిల్లీమీటర్లకి సమానం, అంటే దాదాపు 175 పీపీఐ. 40 సెంటీమీటర్ల దూరానికి 218 అవుతుంది. ల్యాప్‌టాప్‌ని మనం చూసేది ఈ రెండు దూరాల మధ్యే. మంచి చూపున్న కుర్రాళ్లు ఇంకొంచెం సన్నటి వివరం కూడా పట్టగలరు. కాబట్టి పని ల్యాప్‌టాప్‌కి 190 నుంచి 245 పీపీఐ మధ్య ఉంటే సరైన చోట ఉన్నట్టు. ఆపిల్ 2012లో రెటినా అనే పేరుతో తెచ్చిన మాక్‌బుక్ ప్రో తెర 15.4 అంగుళాల్లో 2880×1800, అంటే 220 పీపీఐ. అప్పటి నుంచి ఆ కంపెనీ రెటినా ల్యాప్‌టాప్ తెరలు ఆ చుట్టుపక్కలే ఉంటూ వచ్చాయి. 282 పీపీఐ ఉన్న 4కె తెర మీద అదనంగా వచ్చిన చుక్కల్ని కన్ను చూడలేదు, వాటికి బ్యాటరీ మాత్రం ఖర్చవుతుంది.

అక్షరాలు చిన్నవైపోతాయన్న భయం

ఎక్కువ రిజల్యూషన్ అంటే అక్షరాలు చిన్నవైపోతాయని చాలామంది వెనక్కి తగ్గుతారు. విజయనగరంలో శుభలేఖలు, కరపత్రాలు డీటీపీ చేసే ఒకాయన కొత్త ల్యాప్‌టాప్ కొని వారం తిరక్కుండానే "అక్షరం కనపడట్లేదు మాస్టారూ, పాతదే నయం" అని దాన్ని పక్కన పెట్టేశారు. చూస్తే స్కేలింగ్ 100 శాతంలో ఉంది. ఎవరో "అసలు రిజల్యూషన్‌లో పెట్టాలంటే ఇంతే" అని మార్చి ఇచ్చారట. అసలు రిజల్యూషన్ వేరు, స్కేలింగ్ వేరు. రిజల్యూషన్ ఎప్పుడూ తెరకి ఉన్న మొత్తం చుక్కల దగ్గరే ఉంచాలి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరిస్తే ఏ అంకె పక్కన రికమెండెడ్ అని ఉంటుందో అదే. అక్షరం సైజుని దాని పైనే ఉండే స్కేల్ అన్న చోట మార్చుకోవాలి.

స్కేల్‌ని 200 శాతం చేస్తే ఇంతకు ముందు ఒక చుక్కతో గీసిన చోట నాలుగు చుక్కలతో గీస్తుంది. అక్షరం చిన్నదవ్వదు, దాని అంచు నున్నబడుతుంది. పక్కపక్కన రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టుకున్నామనుకుందాం, రెండూ 14 అంగుళాలే. ఒకటి 1920×1200, స్కేలింగ్ 125 శాతం. దాంట్లో పనిచేసుకోవడానికి దొరికే చోటు 1536×960. ఇంకోటి 2880×1800, స్కేలింగ్ 200 శాతం. చోటు 1440×900. రెండిట్లోనూ అక్షరం సైజు, ఎక్సెల్‌లో కనిపించే వరసలు దాదాపు సమానం. కానీ రెండో దాంట్లో ప్రతి అక్షరానికీ రెండున్నర రెట్లు ఎక్కువ చుక్కలు. 11 పాయింట్ల అక్షరం ఎత్తు మొదటి దాంట్లో 18 చుక్కలు, రెండో దాంట్లో 29. "రాష్ట్రం"లో ఒత్తులు విడివిడిగా కనిపించేది ఇక్కడే.

నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లకి ఇది మరీ ముఖ్యం. తక్కువ చుక్కల తెర మీద అక్షరం పెంచితే అలికేసిన అక్షరమే పెద్దదవుతుంది. ఎక్కువ చుక్కల తెర మీద పెంచితే పెద్దదీ అవుతుంది, శుభ్రంగానూ ఉంటుంది.

స్కేలింగ్‌లో 200 శాతానికి ఒక సుఖం ఉంది. ఒక చుక్క మందం గీత సరిగ్గా రెండు చుక్కలవుతుంది. 150 శాతంలో అదే గీత ఒకటిన్నర చుక్కలు కావాలి, సగం చుక్క అనేది ఉండదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఏదో సర్దుబాటు చేస్తుంది. 190 పీపీఐ దాటిన తెరల మీద ఆ సర్దుబాటు కంటికి ఆనదు. 141 పీపీఐ తెర మీద 125 శాతం పెడితే మాత్రం టేబుల్ గీతలు కొన్ని లావుగా, కొన్ని సన్నగా కనిపిస్తాయి. అది తెర లోపం కాదు, చుక్కలు చాలకపోవడం.

పేజీ మొత్తం ఒకేసారి చదవగలమా

డీటీపీ పనిలో, దరఖాస్తుల పరిశీలనలో, పాత స్కాన్లు చదవడంలో నేను పెట్టే అసలు పరీక్ష ఇదే. ఏ4 కాగితం ఎత్తు 297 మిల్లీమీటర్లు. 14 అంగుళాల 16:10 తెర ఎత్తు 188 మిల్లీమీటర్లు, 15.6 అంగుళాల 16:9 తెర ఎత్తు 194. అంటే పేజీ మొత్తం తెర మీద కనిపించాలంటే అసలు సైజులో 60 శాతానికి కుదించాలి. కాగితం మీద 11 పాయింట్లున్న అక్షరం తెర మీద ఆరున్నర పాయింట్లకి దిగుతుంది. 100 పీపీఐ తెర మీద దానికి దక్కేది 9 చుక్కలు. ఒత్తు గురించి మర్చిపోవాలి. 141 పీపీఐ మీద 13. 243 పీపీఐ మీద 22 చుక్కలు. ఆ ఆఖరి తెర మీద పేజీ అంతా కళ్ల ముందు పెట్టుకుని, కొంచెం ముందుకు వంగి, అచ్చు కాగితం చదివినట్టు ప్రూఫ్ చూడొచ్చు. మిగతా రెండిట్లో 150కో 200కో జూమ్ చేసి, పేజీని ముక్కముక్కలుగా జరుపుకుంటూ చూడాలి. అలా చూసినప్పుడు పై పేరాలో రాసింది, కింది పేరాలో రాసింది కలిసి కనపడక తప్పులు జారిపోతాయి. శుభలేఖలో వధువు తండ్రి పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా పడేది ఇలాగే.

స్కాన్ల సంగతీ అంతే. శ్రీకాకుళంలో 1997లో మొదలైన తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం పుణ్యమా అని పాత పత్రికల్లో వచ్చిన కథలు స్కాన్ల రూపంలో ఇంట్లో కూర్చునే చదువుకోగలుగుతున్నాం. ఏ4 పేజీని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 2480×3508 చుక్కలొస్తాయి. పేజీ నిలువునా పట్టించాలంటే 1080 చుక్కల ఎత్తున్న తెర మీద ప్రతి మూడు చుక్కల వరసల్లో రెండు పారేయాలి. 1800 చుక్కల ఎత్తున్న తెర మీద సగం వరసలు మిగులుతాయి. అప్పటికే నాసిరకం కాగితం మీద అచ్చయి చెదిరిన అక్షరానికి ఆ తేడా ప్రాణం లాంటిది. సర్వేయర్లు చూసే ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) పటాల్లోనూ సన్నటి గీత పక్కన చేత్తో రాసిన కొలతలుంటాయి. అక్కడ 3కీ 8కీ తేడా కనపడకపోతే గట్టు తగాదాలో ఎవరో ఒకరికి నష్టం.

16:10 అన్న మాట వచ్చింది కదా. తెర వెడల్పుకీ ఎత్తుకీ ఉన్న నిష్పత్తి అది. సినిమాలకి 16:9 బాగుంటుంది. రాతకోతలకి ఎత్తు ఎక్కువున్న 16:10 మేలు, మైక్రోసాఫ్ట్ సర్ఫేస్‌లలో వచ్చే 3:2 ఇంకా మేలు. మన లిపికి వరసకీ వరసకీ మధ్య ఎడం ఎక్కువ కావాలి, అందుకని ఎత్తు దొరికిన ప్రతి పిక్సెల్ మనకి కలిసొస్తుంది. 1920×1080, 1920×1200 రెండూ ఒకే ధరలో కనిపిస్తే రెండోదే తీసుకోండి, ఆలోచించక్కర్లేదు.

చుక్కలుంటే సరిపోదు, వెలుతురు కావాలి

మన జిల్లాల్లో పని గదిలోనే జరగదు. మధ్యాహ్నం ఉక్కపోతకి వీధరుగు మీదకో, ఉద్దానం వైపైతే కొబ్బరిచెట్ల నీడలోకో మారతాం. తెర వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు. చవక మోడళ్లలో 220 నుంచి 250 నిట్స్ ఉంటాయి. ట్యూబ్‌లైట్ గదిలో అవి చాలు. అరుగు మీదకి రాగానే తెరలో మన మొహమే కనిపిస్తుంది. 300 కనీసం, పగటి వెలుతురులో పనిచేసే అలవాటుంటే 400. మెరిసే గాజు తెర కన్నా మెరవని మ్యాట్ తెర నయం, వెనక కిటికీ ఉన్నప్పుడు తేడా తెలుస్తుంది.

ఇంకో గుర్తు: స్పెసిఫికేషన్లలో తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే చోట "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని రాసి ఉంటే ఆ తెర రంగులు వెలిసిపోయినట్టుంటాయి. ఎరుపు ఇటుకరంగులా, పసుపు పాలిపోయి కనిపిస్తుంది. ఎక్సెల్‌కి నష్టం లేదు గానీ, ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు డిజైన్ చేసేవాళ్లు తెర మీద చూసిన రంగు, ప్రింటింగ్ తర్వాత వచ్చిన రంగు కలవక కస్టమర్ దగ్గర మాటపడతారు. వాళ్లు "100 శాతం ఎస్‌ఆర్‌జీబీ" అని ఉన్నది చూసుకోవాలి. రిజల్యూషన్ ఎక్కువున్న తెరలకి సాధారణంగా ఈ రెండో గుణమూ ఉంటుంది, అయినా చదివి నిర్ధారించుకోండి.

2880×1800 అని వెతికితే చాలావరకు ఓఎల్ఈడీ తెరలే ఎదురవుతాయి. చూడగానే మనసు లాగేస్తాయి, నలుపు నిజంగా నలుపే. కానీ పొద్దస్తమానం తెల్ల పేజీ మీద నల్ల అక్షరాలతో పనిచేసేవాళ్లకి నేను ఐపీఎస్ తెరే, అంటే వెనక లైటుతో వెలిగే రకమే చెబుతాను. ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది కాబట్టి తెల్లదనం ఎంత ఎక్కువైతే కరెంటు అంత ఎక్కువ తాగుతుంది. కదలకుండా ఒకేచోట ఉండే టాస్క్‌బార్, టూల్‌బార్ లాంటివి ఏళ్ల తరబడి వెలిగితే ఆ జాడ తెర మీద మిగిలే ప్రమాదం ఉంది. చాలా ఓఎల్ఈడీ తెరలు వెలుగు తగ్గించినప్పుడు సెకనుకి వందలసార్లు వెలిగి ఆరుతూ వెలుగు తగ్గినట్టు చూపిస్తాయి. కొందరికి ఏమీ కాదు, కొందరికి సాయంత్రానికల్లా తలనొప్పి. రాత్రిళ్లు వెలుగు తగ్గించుకుని పనిచేసేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రాత్రిపూట నల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో కోడ్ రాసుకునే కుర్రాళ్లకి ఓఎల్ఈడీ బాగానే కుదరొచ్చు.

బ్యాటరీ గురించి కూడా. చుక్కలు పెరిగేకొద్దీ ఐపీఎస్ తెరలో వెనక లైటు వెలుగు ముందుకి రావడం కష్టమవుతుంది, లైటు ఇంకా గట్టిగా వెలగాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అంత కాకపోయినా వేసవిలో కోతలు మనకి కొత్త కాదు. రిజల్యూషన్ పెంచుకుంటే బ్యాటరీ కూడా పెద్దది చూసుకోవాలి. 14 అంగుళాల వాటిలో 60 వాట్ అవర్లు దాటినది మంచిది. తెర 120 హెర్ట్జ్‌ది (సెకనుకి 120 సార్లు బొమ్మ మార్చేది) అయితే ఛార్జింగ్ లేనప్పుడు 60కి దింపుకోవచ్చు, రాతపనిలో తేడా తెలియదు.

పేజ్‌మేకర్ తంటా

మన డీటీపీ సెంటర్లలో చాలా చోట్ల పేజీలు కూర్చడానికి ఇప్పటికీ పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేర్, దాంతో యూనికోడ్ కాని అను ఫాంట్లు. ఆ పేజ్‌మేకర్ 2001 నాటిది. ఎక్కువ చుక్కల తెరలు ఉంటాయని దానికి తెలియదు. అది 96 చుక్కల లెక్కలోనే బొమ్మ గీసి ఇస్తే, విండోస్ దాన్ని సాగదీసి చూపిస్తుంది. అందుకే వర్డ్‌లో అద్దంలా కనిపించిన తెర, పేజ్‌మేకర్ తెరవగానే మసకబారుతుంది. తెర చెడిపోయిందని టెన్షన్ పడక్కర్లేదు. పేజ్‌మేకర్ ఐకాన్ మీద రైట్‌క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ తెరిస్తే, అడుగున ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్ అని ఉంటుంది. అందులో ఓవర్‌రైడ్ అన్నది టిక్ చేస్తే మూడు మార్గాలు ఇస్తుంది. అప్లికేషన్ అన్నది ఎంచుకుంటే అక్షరాలు స్పష్టంగా వస్తాయి గానీ మెనూలు బాగా చిన్నవవుతాయి. సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ అన్నది 2017లో విండోస్ 10కి వచ్చింది, కొన్ని పాత సాఫ్ట్‌వేర్లలో మెనూలు చిన్నవి కాకుండానే అక్షరం శుభ్రపడుతుంది. రెండూ వేసి చూసి మీ చేతికి ఏది అలవాటైతే అది ఉంచుకోండి.

రోజంతా పేజ్‌మేకర్ తప్ప ఇంకేదీ తెరవనివాళ్లకి ఎక్కువ రిజల్యూషన్ మీద పెట్టిన డబ్బులో చాలా భాగం వృథా అవుతుంది. వాళ్లకి 14 అంగుళాల 1920×1200 చాలు, మిగిలిన డబ్బుతో మంచి ప్రింటర్ కొనుక్కోవచ్చు. యూనికోడ్‌లోకి, ఇన్‌డిజైన్ లాంటి కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారినవాళ్లకి, లేదా మారబోతున్నవాళ్లకి ఆ డబ్బు పూర్తిగా గిట్టుబాటు అవుతుంది.

షాపులో ఏం చూడాలి

ఇక్కడి షాపుల్లో బల్ల మీద ఎక్కువగా ఉండేది 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీయే. ఎక్కువ రిజల్యూషన్ మోడళ్లు కళ్లారా చూడాలంటే విశాఖ వెళ్లాలి. విజయనగరం నుంచి 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 110. పనికొచ్చే వస్తువు కోసం ఆ ప్రయాణం దండగ కాదు. వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఒక వర్డ్ ఫైలు పెట్టుకెళ్లండి. అందులో నిర్మలా యూఐ, గౌతమి ఫాంట్లలో 9, 11, 14 పాయింట్లలో "స్త్రీ, రాష్ట్రం, అర్థం, అర్ధం, లక్ష్మి, బాధ, భాష, సంస్కృతి" అని రాసుకోండి. మీరు రోజూ చూసే స్కాన్ పీడీఎఫ్ ఒకటి పెట్టుకోండి. షాపువాళ్లు తిప్పే రంగురంగుల వీడియోలో ఏ తెరైనా అందంగానే ఉంటుంది. మీ ఫైలు తెరిచి, మామూలుగా కూర్చునే దూరంలో కూర్చుని, 9 పాయింట్ల వరసలో థ కడుపులో చుక్క కనిపిస్తోందో లేదో చూడండి. వెలుగు పూర్తిగా తగ్గించి ఒకసారి, పూర్తిగా పెంచి ఒకసారి చూడండి. పక్కకి వంగి చూస్తే రంగు మారిపోతుంటే అది పాతకాలం టీఎన్ తెర, వదిలేయండి.

బిల్లు వేయించే ముందు ఇంకోటి. ఒకే పేరున్న ల్యాప్‌టాప్‌ని కంపెనీలు రెండు మూడు రకాల తెరలతో అమ్ముతాయి. బల్ల మీద చూపించింది ఒకటి, డబ్బాలో వచ్చేది ఇంకోటి కావొచ్చు. పేరు చూసి కాకుండా, డబ్బా మీద ఉన్న పూర్తి మోడల్ నంబరుని కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికి, రిజల్యూషన్, నిట్స్, రంగుల శాతం మూడూ సరిపోల్చుకోండి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి ఇది రెట్టింపు అవసరం, ఎందుకంటే అక్కడ "హెచ్‌డీ డిస్‌ప్లే" అన్న మాట వెనక 1366×768 కూడా దాక్కుని ఉంటుంది.

బడ్జెట్ కుదరనప్పుడు ఎక్కడ తగ్గించాలని అడిగితే, ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగమంటాను. రాతకోతలకి, ఎక్సెల్‌కి, బ్రౌజర్‌కి ఆ మెట్టు తేడా తెలియదు. ర్యామ్ 16 జీబీ ఉండాలి. తెర 14 అంగుళాల్లో 1920×1200 కన్నా దిగొద్దు, వీలైతే 2560×1600.

మానిటర్, పాత ల్యాప్‌టాప్

ల్యాప్‌టాప్ తెర ఎలా ఉన్నా ఇంట్లో మానిటర్ పెట్టుకుంటామనేవాళ్లు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ పీపీఐ 92 మాత్రమే. పెద్దదే గానీ దగ్గరగా కూర్చుంటే చుక్కలు కనిపిస్తాయి. తెలుగు చదవడానికి 27 అంగుళాల 4కె బాగుంటుంది, 163 పీపీఐ, పైగా దాన్ని ల్యాప్‌టాప్ కన్నా దూరం నుంచి చూస్తాం. అయితే ల్యాప్‌టాప్‌లో ఉన్నది హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు అయితే 4కెని సెకనుకి 30 ఫ్రేములే పంపగలదు, మౌస్ కదలిక తడబడుతుంది. హెచ్‌డీఎంఐ 2.0 గానీ, వీడియో పంపగలిగే యూఎస్‌బీ-సీ పోర్టు గానీ ఉండాలి. యూఎస్‌బీ-సీ పోర్టులన్నీ వీడియో పంపవు, అది కూడా మోడల్ నంబరుతోనే నిర్ధారించుకోవాలి.

విశాఖలో దొరికే రీఫర్బిష్డ్ బిజినెస్ ల్యాప్‌టాప్‌లు గట్టివే. చాలావాటిలో తెర మాత్రం 1366×768 ఉంటుంది. "ప్యానెల్ మార్చి ఫుల్ హెచ్‌డీ వేసేద్దాం సార్" అంటారు. కొన్నిటికి కుదురుతుంది. తెరకి వెళ్లే కేబుల్ 30 పిన్నులదైతే ఫుల్ హెచ్‌డీ 60 హెర్ట్జ్ దాకా వేయొచ్చు, ఆ కేబుల్‌లో డేటా తీగలు రెండు జతలూ ఉంటేనే. 1366×768 తెరకి ఒక్క జత చాలు కాబట్టి కొన్ని కంపెనీలు ఒక్కటే పెట్టి వదిలేశాయి. అలాంటప్పుడు కేబుల్ కూడా మార్చాలి. 4కెకి 40 పిన్నుల కేబుల్ కావాలి, దాన్ని తీసుకునే కనెక్టర్ మదర్‌బోర్డు మీద ఉండాలి. కాబట్టి ప్యానెల్‌కి డబ్బు కట్టే ముందు అదే మోడల్‌ని కంపెనీ ఫుల్ హెచ్‌డీతో కూడా అమ్మిందో లేదో చూసి, అమ్మి ఉంటే ఆ వెర్షన్ కేబుల్ పార్ట్ నంబరు మెకానిక్‌కి రాసివ్వండి.